ఫొటో చూసి చిన్న గింజనల్లిని గుర్తించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పత్తి కాయలు పగిలి దూది బయటపడే రోజుల్లో ఒకే తరహా ఫొటో పదే పదే కనబడుతుంది. తెల్లటి దూది మీద నువ్వుగింజ కంటే కాస్త పొడవైన నల్లటి పురుగులు గుంపుగా ఉంటాయి, వాటి మధ్య ఎర్రటి పిల్లలు తిరుగుతుంటాయి, ఫొటో కింద "ఇదేం పురుగు?" అన్న ప్రశ్న ఒక్కటే ఉంటుంది. ఈ పుటలోని జవాబులు ప్రధానంగా ఆ పురుగు గురించి, అంటే పత్తి గింజనల్లి గురించి రాసినవి. దానితో పోలిక ఉన్న మరికొన్ని చిన్న నల్లుల సంగతి కూడా అవసరమైన చోట చేర్చాను.

గింజనల్లి అంటే ఏమిటి? ఇది మంచాల్లో ఉండే నల్లికి చుట్టమా?

దూరపు చుట్టమే. రెండూ హెమిప్టెరా అనే క్రమానికి చెందినవి, రెండింటికీ నమిలే దవడలు ఉండవు, సూదిలాంటి తుండంతో గుచ్చి పీల్చడమే వాటి పని. మంచం నల్లి రక్తం పీలుస్తుంది. గింజనల్లి తుండాన్ని గింజలోకి దింపి, లాలాజలంతో లోపలి పప్పును కరిగించి, ఆ రసాన్ని పీల్చుకుంటుంది.

చిక్కంతా మన భాషలో "నల్లి" అన్న మాటతోనే వస్తుంది. ఎర్రనల్లి అని మనం పిలిచేది చాలాచోట్ల అసలు కీటకమే కాదు. అది 8 కాళ్ళున్న, సాలీడుకు దగ్గరి జీవి. పిండినల్లి పొలుసు పురుగులకు బంధువు. వరి కంకుల్లో పాలు తాగే కంపునల్లి నిజమైన నల్లే గాని దాని కుటుంబం వేరు. అందువల్ల "నా పత్తిలో నల్లి పడింది" అని చెబితే, వినేవారు నాలుగు వేర్వేరు జీవుల్లో దేన్నైనా ఊహించుకోవచ్చు. ఫొటో అవసరం ఇక్కడే మొదలవుతుంది.

ఫొటోలో ఉన్నది గింజనల్లుల వర్గమేనని ముందుగా ఎలా తేల్చుకోవాలి?

రంగు చూడకండి. మొదట రెక్కలు చూడండి. ఎదిగిన నల్లి పై రెక్కలో మొదలు వైపు భాగం తోలులా దళసరిగా, చివరి భాగం పల్చటి పొరలా ఉంటుంది. రెండు రెక్కలు ఒకదానిపై ఒకటి వీపు మీద చదునుగా పడుకోవడం వల్ల పై నుంచి చూస్తే గుణకారపు గుర్తులాంటి ఆకారం ఏర్పడుతుంది. పెంకు పురుగుకైతే రెండు రెక్కలు వీపు నడుమ ఒకే నిలువు గీతగా కలుస్తాయి. పచ్చదోమ రెక్కలు పాక కప్పులా రెండు వైపులకు వాలి ఉంటాయి. ఈ ఒక్క పరీక్షతోనే తప్పుగా అనుమానించిన ఫొటోల్లో చాలావరకు పక్కకు వెళ్ళిపోతాయి.

ఆ తరువాత చూడవలసినవి మీసాలు, తల మీది చుక్కలు, రెక్క పొరలోని ఈనెలు. గింజనల్లి మీసంలో నాలుగు కణుపులు ఉంటాయి. రెండు పెద్ద కళ్ళు కాక, వాటి నడుమ కొంచెం వెనుకగా రెండు చిన్న మెరిసే చుక్కలు ఉంటాయి. వీటిని సరళ నేత్రాలు అంటారు. పత్తిలోనే కనిపించే పెద్ద ఎర్ర పురుగుకు, అంటే డిస్‌డెర్కస్‌కు, ఈ చుక్కలు ఉండవు. పొర భాగంలో గింజనల్లులకు నాలుగైదు సాదా ఈనెలు మాత్రమే ఉంటాయి. బుడ్డకాకర, కుంకుడు వంటి మొక్కల మీద చేరే ఎర్రటి లెప్టోకోరిస్ వంటి వాటికి అదే చోట దువ్వెన పళ్ళలా చాలా ఈనెలు కనబడతాయి. మిరిడ్ నల్లులకైతే (ఇవి వేరే కుటుంబపు చిన్న నల్లులు) ఈనెలు వంగి ఒకటి రెండు మూసిన గదులుగా ఏర్పడతాయి, దళసరి భాగం చివర చిన్న త్రికోణపు ముక్క విడిగా ఉండి అక్కడి నుంచి రెక్క కిందికి వంగినట్టు ఉంటుంది, సరళ నేత్రాలు కూడా సాధారణంగా ఉండవు.

4 మిల్లీమీటర్ల పురుగులో ఇవన్నీ ఎలా కనబడతాయన్న సందేహం న్యాయమైనదే. అన్నీ ఒకే ఫొటోలో కనబడవు. కాని వెలుతురు బాగుంటే, చవక మాక్రో లెన్సు బిగించిన మామూలు ఫోను కూడా ఈనెలను పట్టగలదు.

పత్తి గింజనల్లిని ప్రత్యేకంగా పట్టించే లక్షణాలు ఏవి?

దీని శాస్త్రీయ నామం ఆక్సికారెనస్ హయాలినిపెన్నిస్. రెండో మాటకు అద్దంలాంటి రెక్కలు గలది అని అర్థం, గుర్తింపులో సగం ఆ పేరులోనే ఉంది. శరీరం 4 నుంచి 5 మిల్లీమీటర్ల పొడవుంటుంది. తల, మెడ వెనుక పలక, పొట్ట నల్లగానో ముదురు గోధుమ రంగులోనో ఉంటాయి. రెక్కలు తెల్లటి పారదర్శకపు పొరలా ఉండటం వల్ల మసి పట్టిన ఒంటి మీద పల్చటి తెల్ల గుడ్డ కప్పినట్టు కనిపిస్తుంది. తల ముందుకు సాగి మొనదేలి ఉంటుంది. ముందు కాళ్ళ తొడలకు చిన్న ముళ్ళు ఉంటాయి. ఆడ పురుగు మగ పురుగు కంటే కొంచెం పెద్దది.

ఒంటి లక్షణాలకు సమానంగా విలువనివ్వవలసింది పురుగు దొరికిన చోటుకు. ఇది మందార కుటుంబపు మొక్కలను ఆశ్రయించి బతుకుతుంది: పత్తి, బెండ, మందార, తుత్తురుబెండ వంటివి. పూర్తిగా మూసి ఉన్న పచ్చి కాయలో ఇది ఉండదు. కాయ పగలడం మొదలైన తరువాతే ఆడ పురుగు లోపలికి చేరి, దూది పోగుల మధ్య గింజలకు దగ్గరగా గుడ్లు పెడుతుంది. అందుచేత పగిలిన పత్తి కాయలో, గుంపుగా, పిల్లలతో సహా, 4 మిల్లీమీటర్ల నల్లటి పురుగులు అద్దపు రెక్కలతో కనబడితే, ఫొటో కాస్త మసకగా ఉన్నా ఆక్సికారెనస్ అని చెప్పడానికి నేను వెనుకాడను.

అయితే జాతి పేరు కూడా ఫొటో చూసే చెప్పవచ్చు కదా?

ఇక్కడ ఆగాలి. మన దేశపు పత్తిలో ఆక్సికారెనస్ లీటస్ అనే మరో జాతి కూడా ఉంది. రెండూ ఒకే ప్రజాతివి (దగ్గరి జాతుల గుంపును ప్రజాతి అంటారు), ఒకే ఎత్తువి, ఒకే చోట తిరిగేవి. వ్యవసాయ సాహిత్యంలో రెండింటికీ ఒకే వాడుక పేరు కనిపిస్తుంది. రంగును బట్టి విడదీయవచ్చుననిపిస్తుంది గాని, అప్పుడే కుబుసం విడిచిన పురుగు కొన్ని గంటలపాటు లేత రంగులో ఉంటుంది, ఎండలో తీసిన ఫొటోలో గోధుమ రంగు నలుపుగానూ ఫ్లాష్ పడితే నలుపు గోధుమగానూ మారుతుంది. ఇలాంటి జాతులను వేరుచేయవలసి వచ్చినప్పుడు నిపుణులు నమూనాను సూక్ష్మదర్శిని కింద పెట్టి, అవసరమైతే మగ పురుగు జననాంగాల ఆకృతిని పరిశీలిస్తారు.

కాబట్టి "ఆక్సికారెనస్ ప్రజాతి, జాతి తేలలేదు" అన్నది లోపభూయిష్టమైన జవాబు కాదు; ఆ ఫొటో ఇవ్వగలిగిన పూర్తి జవాబు అదే. రెండు పేర్లలో ఒకటి రాసేస్తే అడిగినవారికి తృప్తి కలుగుతుందేమో గాని, ఆ తప్పు పేరు ఫొటోతో పాటు ఎక్కడెక్కడికో వెళ్ళి స్థిరపడిపోతుంది. రైతుకు కావలసిన జాగ్రత్త రెండు జాతులకూ ఒకటే కనుక, ఈ విషయంలో ప్రజాతి దగ్గర ఆగడం వల్ల ఆయనకు నష్టమేమీ లేదు.

దూదిలో ఎర్రటి చిన్న పురుగులు ఉన్నాయి. అవి వేరే రకమా? పరుపులోకి వస్తే మంచం నల్లులవుతాయా?

అవి అదే పురుగు పిల్లలు. గుడ్డు నుంచి వచ్చాక ఐదు దశలు దాటి ఎదిగిన పురుగవుతాయి. ఈ దశల్లో పొట్ట గులాబీ లేదా ఎరుపు రంగులో, తల, ఛాతీ ముదురు రంగులో ఉంటాయి. చివరి దశల్లో వీపు మీద రెక్కల మొగ్గలు స్పష్టంగా కనబడతాయి. ఎదిగిన పురుగు ఒక్కటీ లేకుండా పిల్లల ఫొటో మాత్రమే ఉంటే గుర్తింపు కష్టమవుతుంది, అందుకే అదే కాయలో ఎదిగినదాన్ని కూడా వెతికి ఫొటో తీయమంటాను.

మంచం నల్లి ఒళ్ళు కందిబేడలా వెడల్పుగా, చదునుగా, గుండ్రంగా ఉంటుంది, ఎదిగినా రెక్కలు రావు. గింజనల్లి పిల్ల కోలగా ఉండి తల ముందుకు మొనదేలి ఉంటుంది. ఎర్రనల్లి అయితే వీటిలో పదో వంతు పరిమాణంలో, కంటికి చుక్కలా మాత్రమే కనిపిస్తుంది, కాళ్ళు 8 ఉంటాయి. కొత్త పత్తిని ఇంట్లో ఆరబోసినప్పుడు పరుపు దాకా పాకిన ఎర్ర పిల్లలను చూసి కంగారుపడటం సహజమే గాని, అవి ఒక్కటీ మంచం నల్లిగా మారవు.

ఎక్కువగా పొరబడే చిన్న నల్లులు ఏవి?

మొదటిది నీసియస్. అదీ 3 నుంచి 5 మిల్లీమీటర్లే, దానికీ రెక్క చివర పారదర్శకంగానే ఉంటుంది. కాని ఒళ్ళు నలుపు కాదు, బూడిద కలిసిన మట్టి రంగు. పొద్దుతిరుగుడు, నువ్వు వంటి పంటల్లోనూ కలుపు మొక్కల మీదా ఎక్కువగా తిరుగుతుంది. నీసియస్ జాతులను ఫొటోతో విడదీయడం ఆక్సికారెనస్ కంటే కూడా కష్టం. ప్రపంచమంతటా ఆ ప్రజాతితో పనిచేసేవారు నమూనా లేనిదే నోరు విప్పరు.

రెండోది జియోకోరిస్, దీన్ని గుర్తుపట్టడం మాత్రం తప్పనిసరి. తల వెడల్పుగా, కళ్ళు పక్కలకు పొడుచుకువచ్చి వెనుకకు వంగి మెడ పలక మూలలను తాకుతున్నట్టు ఉంటాయి. ముందు నుంచి తీసిన ఒక్క ఫొటో చాలు, ఇక సందేహం ఉండదు. ఇది గింజనల్లుల బంధువే అయినా ప్రధానంగా వేటాడి బతికే పురుగు. తెల్లదోమ, పేనుబంక, ఎర్రనల్లి, చిన్న పురుగుల గుడ్లు దీని ఆహారం. పొలంలో రైతు పక్షాన పనిచేసే ఈ పురుగును "చిన్న నల్లి" అని ఒకే గాటన కట్టి మందు కొడితే నష్టపోయేది రైతే. చిన్న నల్లుల ఫొటోలను ఓపికగా చూడటానికి ఇంతకంటే బలమైన కారణం నాకు తెలియదు.

చీమలను పోలిన పిల్ల నల్లులు, చెరకు ఆకు తొడుగుల్లో ఉండే పొట్టి రెక్కల నల్లులు కూడా అప్పుడప్పుడు వస్తాయి. వాటికి మొక్క పేరు తెలిస్తే పని సులువు.

వేరుశనగ కళ్ళంలో కనబడే గోధుమ రంగు పురుగు కూడా ఇదేనా?

కాదు. అది దాదాపు 10 మిల్లీమీటర్ల పొడవున్న ఎలాస్మోలోమస్ సార్డిడస్, అంటే వేరుశనగ కాయ నల్లి. పీకి కుప్పవేసిన కాయల మీదా, కళ్ళంలోనూ, నిల్వ చేసిన బస్తాల్లోనూ చేరి, పొట్టులోంచి తుండం దింపి పప్పులోని నూనె రసాన్ని పీలుస్తుంది. అలా పీల్చిన పప్పులు ముడుచుకుపోతాయి, నూనెలో ఆమ్లగుణం పెరిగి చేదు వస్తుంది. పప్పు చేదుగా ఉందని చెబుతూ ఎవరైనా ఈ ఫొటో పంపితే ఆ రెండు విషయాలకూ సంబంధం ఉండవచ్చు. దీని తొలిదశ పిల్లల పొట్ట కూడా ఎర్రగానే ఉంటుంది కనుక, రంగును నమ్మవద్దన్న మాట ఇక్కడ మళ్ళీ గుర్తుచేయవలసి వస్తోంది.

ఇది రైపారోక్రోమిడే కుటుంబానికి చెందింది. ఈ కుటుంబపు నల్లులకు ముందు కాళ్ళ తొడలు లావుగా ఉబ్బి, లోపలి అంచున ముళ్ళతో ఉంటాయి. పొట్ట అడుగున నాలుగు, ఐదు ఖండాల మధ్యనున్న అతుకు, చాలా జాతుల్లో, పక్క అంచు దాకా పోకుండా మధ్యలోనే ముందుకు వంగి ఆగిపోతుంది. వెల్లకిలా తీసిన ఫొటో ఎందుకు అడుగుతామో దీన్నిబట్టి అర్థమవుతుంది.

జిల్లేడు మీద ఎరుపు, నలుపు పట్టెలతో ఉండేది?

చాలావరకు స్పైలోస్టెథస్. అది అసలైన గింజనల్లుల కుటుంబమైన లైజీయిడేకు చెందినదే, కాని సెంటీమీటరు దాటి ఉంటుంది కనుక ఈ పుటలోని చిన్నవాటితో కలవదు.

ఫొటో ఎలా తీస్తే గుర్తించడానికి వీలవుతుంది?

ఒక అందమైన ఫొటో కంటే ఐదు సాదా ఫొటోలు మేలు: నేరుగా పై నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, తల ముందు నుంచి ఒకటి, అడుగు భాగం ఒకటి, పురుగు దొరికిన మొక్క లేదా కాయ మొత్తంగా ఒకటి.

కదిలే పురుగును ఫొటో తీయడం అయ్యే పని కాదు. దాన్ని చిన్న గాజు సీసాలో వేసి, ఫ్రిజ్‌లో పాలు పెట్టే అరలో ఐదు పది నిమిషాలు ఉంచితే చల్లదనానికి మందగిస్తుంది. గడ్డకట్టే అరలో పెట్టవద్దు. తరువాత గ్రాఫు కాగితం మీద వదలండి. దానిలో ఒక్కో చిన్న గడి 1 మిల్లీమీటరు కనుక పొడవు ఎవరూ ఊహించనక్కరలేదు. రూపాయి బిళ్ళ పక్కన పెట్టడం మన అలవాటు గాని, రూపాయి బిళ్ళల పరిమాణం కాలక్రమంలో మారుతూ వచ్చింది కాబట్టి అది నమ్మదగిన కొలత కాదు. అడుగు భాగం కోసం పురుగును పలుచని గాజు గ్లాసు మీద నడవనిచ్చి కింది నుంచి తీస్తే సరిపోతుంది, వెల్లకిలా పడేయనక్కరలేదు.

ఉదయపు నీడ వెలుతురు మంచిది. ఫ్లాష్ తప్పనిసరి అయితే దాని మీద పల్చటి తెల్ల కాగితం కప్పండి, లేకపోతే మెరిసే మెడ పలక మీద తెల్ల మచ్చ పడి అది పురుగు మచ్చే అనిపిస్తుంది. ఫోనును మరీ దగ్గరగా తీసుకువెళ్ళి మసక చేసుకోవడం కంటే, కాస్త దూరం నుంచి స్పష్టంగా తీసి తరువాత ఆ భాగాన్ని కత్తిరించుకోవడం నయం. రంగులు మార్చే ఫిల్టర్లు, మసక ఫొటోను "బాగుచేసే" సాధనాలు వాడకండి. లేని ఈనెలు, లేని మచ్చలు అవి కల్పించగలవు. వాట్సాప్‌లో పంపేటప్పుడు ఫొటోగా కాక డాక్యుమెంటుగా జతచేస్తే వివరాలు నలగవు.

ఫొటోతో పాటు ఏమి రాయాలి?

తేదీ, ఊరు లేదా మండలం, మొక్క పేరు, మొక్కలో ఏ భాగం మీద ఉంది, ఒంటరిగా ఉందా గుంపులోనా, నలిపితే వాసన వచ్చిందా. పత్తి గింజనల్లి నలిగితే ఘాటైన దుర్వాసన వస్తుంది, ఫొటో చెప్పలేని లక్షణం అది. వీటిలో ఒకటి మాత్రమే రాసే తీరిక ఉంటే మొక్క పేరు రాయండి.

ఫోను యాప్ వెంటనే పేరు చెప్పేస్తోంది. నమ్మవచ్చా?

కుటుంబం స్థాయిలో చాలాసార్లు సరిగానే చెబుతుంది. జాతి స్థాయిలో దాన్ని ఒక సూచనగా మాత్రమే తీసుకోవాలి. ఈ సాధనాలు తమకు నేర్పిన ఫొటోల్లో ఉన్న జాతుల్లోంచే ఎంచుకుంటాయి. తగినన్ని ఫొటోలు లేని జాతి వాటి దృష్టిలో లేనట్టే. మన ప్రాంతపు చిన్న నల్లుల ఫొటోలు తక్కువగా ఉన్నచోట, మరో ఖండంలో ఉండే పోలికగల జాతి పేరు పైకి తేలడంలో ఆశ్చర్యం లేదు. యాప్ పేరు చెప్పినప్పుడు ఆ జాతి భారతదేశంలో నమోదైందా, మీ మొక్క దాని ఆహారమా అని రెండు ప్రశ్నలు వేసుకోండి.

జీవుల ఫొటోలు పెట్టి పేర్లు తెలుసుకునే ఐనాచురలిస్ట్ వంటి ఆన్‌లైన్ వేదికల్లో "పరిశోధన స్థాయి" అన్న గుర్తు, పేరు చెప్పినవారిలో మూడింట రెండు వంతులకు పైగా ఒక్క పేరుతో ఏకీభవించినప్పుడు వస్తుంది. అది ఏకాభిప్రాయానికి కొలత, నమూనా పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. మొదట వచ్చినవారు యాప్ సూచనను నొక్కి, రెండోవారు మొదటివారిని చూసి సరేనంటే కూడా ఆ గుర్తు వచ్చేస్తుంది.

ఒకచోట లైజీయిడే అనీ మరోచోట ఆక్సికారెనిడే అనీ ఉంది. ఏది సరి?

పాత పుస్తకాల్లో గింజనల్లులన్నీ లైజీయిడే అనే ఒకే పెద్ద కుటుంబంలో ఉండేవి. 1997లో అమెరికా శాస్త్రవేత్త థామస్ హెన్రీ వాటి పరిణామ బంధుత్వాలను విశ్లేషించి, ఆ కుటుంబాన్ని పలు కుటుంబాలుగా విడదీశారు. అప్పటి నుంచి పత్తి గింజనల్లి ఆక్సికారెనిడేలో, వేరుశనగ కాయ నల్లి రైపారోక్రోమిడేలో, జియోకోరిస్ జియోకోరిడేలో చేరాయి. వ్యవసాయ పాఠ్యాంశాల్లో పాత పేరు ఇప్పటికీ కనబడుతుంది. పురుగు మాత్రం అదే.

విదేశాల్లో ఉంటున్నాము, ఇంటి గోడ మీద ఇలాంటివే కనిపిస్తున్నాయి.

పత్తి గింజనల్లి అమెరికాలోని ఫ్లోరిడా కీస్ ప్రాంతంలో 2010లో బయటపడింది, కాని ఇంటి గోడ మీద కనిపించేది సాధారణంగా అది కాదు. అమెరికా వాయవ్య రాష్ట్రాల్లో వేసవిలో ఇళ్ళలో దూరే ఎరుపు, నలుపు గింజనల్లి ఆరోకేటస్ మెలనోసెఫాలస్ కావచ్చు. ఎల్మ్ చెట్ల గింజలు తినే ఈ ఐరోపా పురుగును అమెరికాలో 2012లో ఐడహో రాష్ట్రంలో కనుగొన్నారు. ఐరోపాలో లిండెన్ చెట్ల మానులపై చలికాలంలో వేలకొద్దీ గుమిగూడేది ఆక్సికారెనస్ లావటెరే, మన పత్తి పురుగుకు స్వయానా ప్రజాతి బంధువు.

ఇవి కుడతాయా? పేరు తెలిసిన వెంటనే మందు కొట్టాలా?

రక్తం తాగే పురుగులు కావు. ఒంటి మీద వాలినప్పుడు అరుదుగా తుండంతో గుచ్చవచ్చు, అంతకు మించి భయం లేదు.

పత్తికి జరిగే నష్టం రెండు విధాలు. రసం పీల్చిన గింజ బరువు, మొలకశక్తి తగ్గుతాయి. జిన్నింగు మిల్లులో దూదితో పాటు నలిగిన పురుగులు మరకలు చేస్తాయి. బీటీ పత్తి కాయతొలిచే పురుగులను తట్టుకోవడానికి తయారైంది, రసం పీల్చే నల్లులపై దాని ప్రభావం ఉండదు, కనుక "బీటీ వేశాం, నల్లి ఎలా వచ్చింది?" అన్న ప్రశ్నకు తావు లేదు. కాయలు పగిలాక దూదిని చెట్టు మీద ఎక్కువ రోజులు వదలకుండా తీయడం, తీసిన పత్తిని ఎండలో పరిస్తే పురుగులు వాటంతటవే వెళ్ళిపోవడం ముందుగా గుర్తుంచుకోవలసినవి. మందు సంగతి మీ మండల వ్యవసాయాధికారికి ఫొటో చూపించి అడగండి. ఫొటో చూసి పేరు చెప్పేవారు మందు కూడా చెప్పడం మంచి పద్ధతి కాదని నా అభిప్రాయం.

జాతి పేరు కచ్చితంగా కావాలంటే ఏం చేయాలి?

నమూనా పంపాలి. న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో పూసా జాతీయ కీటక సేకరణ ఉంది, బెంగళూరులో జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ ఉంది, 1916లో ఏర్పడిన భారత జంతు సర్వేక్షణ సంస్థకు హైదరాబాదులోనూ కేంద్రం ఉంది. నేరుగా రాసే ముందు దగ్గరలోని వ్యవసాయ కళాశాలలో కీటకశాస్త్ర విభాగాన్ని సంప్రదిస్తే దారి చెబుతారు. ఎదిగిన పురుగులు కనీసం ఐదారు, వాటిలో మగవి ఉండేలా, 70 శాతం ఆల్కహాలు పోసిన చిన్న సీసాలో వేయండి. తేదీ, ఊరు, మొక్క పేరు రాసిన చీటీని సీసా లోపలే పెట్టండి. చీటీని పెన్సిలుతో రాయాలి. పెన్ను సిరా అయితే ఆల్కహాలులో కరిగిపోయి, సీసా చేరేసరికి పురుగు ఎక్కడిదో చెప్పే ఆధారం మిగలదు.